పెద్దల సభ 'కాదు' అన్నప్పుడు: రాజ్యసభ చరిత్ర, సంప్రదాయాలు

గత పాఠంలో లోక్‌సభ నిర్మాణం, అధికారాలు చదివారు. ఇప్పుడు రెండో సభ దగ్గరికి వస్తున్నాం. పోటీ పరీక్షల పుస్తకాల్లో రాజ్యసభ గురించి సాధారణంగా ఒక పట్టిక కనిపిస్తుంది. గరిష్ఠ సభ్యుల సంఖ్య 250, ప్రస్తుతం 245, అందులో 12 మంది రాష్ట్రపతి నామినేట్ చేసినవారు, పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకోసారి మూడింట ఒక వంతు మంది విరమణ. ఇవన్నీ గుర్తుంచుకోవలసినవే. కానీ పట్టికను ఎంత బట్టీ పట్టినా ఒక ప్రశ్నకు జవాబు దొరకదు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభ ఒక బిల్లును ఆమోదించాక, ప్రజలు నేరుగా ఎన్నుకోని సభకు దాన్ని 'కాదు' అనే హక్కు ఎందుకుండాలి? ఉంటే, ఆ హక్కును అది ఎప్పుడెప్పుడు, ఎవరి కోసం వాడింది? ఈ పాఠాన్ని ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని చదవండి.

పాత కౌన్సిల్, కొత్త సందేహం

మన దేశంలో కేంద్ర స్థాయిలో ఎగువ సభ అనేది 1919 భారత ప్రభుత్వ చట్టంతో వచ్చింది. కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అని పిలిచిన ఆ సభ 1921లో పని ప్రారంభించింది. గరిష్ఠంగా 60 మంది సభ్యులు. ఓటు హక్కు పెద్ద భూస్వాములకు, భారీగా ఆదాయపు పన్ను కట్టేవారికి, మరికొద్ది మంది ప్రముఖులకే పరిమితం. దిగువ సభ అయిన కేంద్ర శాసనసభలో జాతీయవాదుల బలం పెరిగితే దాన్ని అదుపులో ఉంచడానికి ప్రభుత్వానికి అక్కరకు వచ్చే సభ అది. వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి వంటి ఉదారవాదులూ, మన సహకారోద్యమ నాయకుడు వేమవరపు రామదాసు పంతులు వంటి కాంగ్రెస్ వారూ అందులో కూర్చుని ప్రభుత్వాన్ని నిలదీసిన మాట నిజమే. అయినా ఆ సభ స్వభావం మారలేదు.

అందుకే స్వతంత్ర భారతానికి రెండో సభ కావాలన్నప్పుడు రాజ్యాంగ పరిషత్తులో కొందరికి అనుమానం కలిగింది. 1947 జులై 28న ఈ అంశం చర్చకు వచ్చింది. ఎగువ సభ అనేది సామ్రాజ్యవాదం వదిలివెళ్ళిన వస్తువనీ, దేశ ప్రగతికి అడ్డుపుల్ల అవుతుందనీ కొందరు వాదించారు. వారికి జవాబిచ్చినది ఎన్. గోపాలస్వామి అయ్యంగార్. ఆయన పెద్ద ఆశలేమీ పెట్టలేదు. ముఖ్య విషయాల మీద హుందాగా చర్చ జరగడానికి, ఆ క్షణపు ఆవేశంలో పుట్టిన చట్టాలను కాస్త ఆపి చూడడానికి, ఎన్నికల రాజకీయాల రాపిడిలో దిగకపోయినా అనుభవం ఉన్నవారి సేవలు వాడుకోవడానికి ఈ సభ పనికొస్తుందని అన్నారు. మరీ ఆటంకంగా మారకుండా తగిన జాగ్రత్తలు తీసుకుంటామని కూడా చెప్పారు.

ఆ జాగ్రత్తలే నేటి రాజ్యాంగంలో మనకు కనిపిస్తాయి. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు. మంత్రిమండలి లోక్‌సభకే బాధ్యత వహిస్తుంది. సాధారణ బిల్లు మీద రెండు సభలకు పడకపోతే రాష్ట్రపతి ఉభయసభల సంయుక్త సమావేశం ఏర్పాటు చేయవచ్చు. అక్కడ సంఖ్యాబలం లోక్‌సభదే. ఇంతవరకు చూస్తే రాజ్యసభ చేయగలిగింది ఆలస్యం మాత్రమే. అయితే ఒకచోట ఈ పద్ధతి వర్తించదు. రాజ్యాంగ సవరణ బిల్లుకు సంయుక్త సమావేశం లేదు. 368వ అధికరణం ప్రకారం ఏ సభకు ఆ సభ విడిగా, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి. అక్కడ రాజ్యసభ 'కాదు' అంటే ఇక కాదనే. ఈ ఒక్క తేడా ఎంత దూరం వెళ్ళిందో కాసేపట్లో చూద్దాం.

పేరులో ఒక తిరకాసు

మొదట ఈ సభ పేరు కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్. 1954 ఆగస్టు 23న ఛైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇకపై హిందీలో దీన్ని రాజ్యసభ అని పిలుస్తారని సభలో ప్రకటించారు. తెలుగు విద్యార్థులు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. హిందీలో 'రాజ్య' అంటే మనం రాష్ట్రం అనేది. 'రాష్ట్ర' అంటే మనం దేశం లేదా జాతి అనేది. తెలుగులో రాజ్యం అంటే రాజులేలిన రాజ్యం గానీ, రాజనీతి శాస్త్రంలో చదివే రాజ్యం గానీ గుర్తుకొస్తుంది. ఆ లెక్కన రాజ్యసభను మన భాషలో 'రాష్ట్రాల సభ' అనాలి. జవాబు పత్రాల్లో రాజ్యసభ అంటే ప్రభుత్వ సభ అనీ, రాష్ట్రపతి అంటే రాష్ట్రానికి అధిపతి అనీ రాసే పొరపాటుకు మూలం ఇదే. మాట ఒకటే, రెండు భాషల్లో అర్థం వేరు.

రాష్ట్రాల సభ అయినంత మాత్రాన అమెరికా సెనేట్‌లాగా అన్ని రాష్ట్రాలకూ సమాన స్థానాలు లేవు. జనాభాను బట్టి స్థానాలిచ్చారు. ఉత్తరప్రదేశ్‌కు 31 ఉంటే సిక్కింకు ఒకటి. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి 11 స్థానాలుండేవి. కోస్తా, రాయలసీమ జిల్లాల వారు మద్రాసు రాష్ట్రం కోటాలో ఎన్నికయ్యేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 18 స్థానాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7గా పంచారు.

తొలి సభ

రాజ్యసభ 1952 ఏప్రిల్ 3న ఏర్పడింది, మే 13న మొదటిసారి సమావేశమైంది. అప్పటి సంఖ్య 216. లోక్‌సభలా ఇది రద్దు కాదు. అందరి పదవీకాలం ఒకేసారి ముగియదు. మరి అందరూ ఒకేసారి ఎన్నికైన మొదటి సభలో రెండేళ్ళకు ఎవరు దిగిపోవాలి? చీట్లు తీశారు. కొందరికి రెండేళ్ళు, కొందరికి నాలుగు, కొందరికి పూర్తి ఆరేళ్ళు వచ్చాయి. 1954 ఏప్రిల్‌లో మొదటి జట్టు విరమించింది. నేటికీ రెండేళ్ళకోసారి జరిగే వీడ్కోలు ప్రసంగాల ఆనవాయితీ ఈ ఏర్పాటు నుంచి వచ్చిందే. ఏడాది పొడవునా కత్తులు నూరుకున్నవారు కూడా ఆ రోజు ఒకరి గురించి ఒకరు నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు.

సభ శాశ్వతం కావడం వల్ల ఒక ఉపయోగం ఉంది, అది రాజ్యాంగం రాసినవారు ఊహించినదే. లోక్‌సభ రద్దయి ఉండగా రాష్ట్రపతి పాలన వంటి ప్రకటనను ఆమోదించవలసి వస్తే రాజ్యసభ ఒక్కటే సమావేశమవుతుంది. 1977 ఫిబ్రవరి చివర తమిళనాడు, నాగాలాండ్‌ల విషయంలోను, 1991 జూన్‌లో హర్యానా విషయంలోను అలాగే జరిగింది.

ఉపరాష్ట్రపతే సభకు ఛైర్మన్. ఆయన సభలో సభ్యుడు కాదు. మొదటి ఛైర్మన్ రాధాకృష్ణన్ అంతకుముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. తాను ఏ పార్టీకీ చెందనివాడిననీ, అందుకే సభలోని అన్ని పార్టీలకూ చెందినవాడిననీ ఆయన తొలి రోజుల్లోనే చెప్పారు. చర్చ వేడెక్కినప్పుడు ఒక శ్లోకమో, చమత్కారమో విసిరి చల్లబరచడం ఆయన పద్ధతి.

ఆ సభలో ఎవరెవరున్నారో చూస్తే గోపాలస్వామి అయ్యంగార్ చెప్పిన మూడో ఉపయోగం అర్థమవుతుంది. నామినేట్ అయినవారిలో భౌతిక శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, నర్తకి రుక్మిణీదేవి అరండేల్, విద్యావేత్త జాకిర్ హుస్సేన్, నెల్లూరు జిల్లాలో పుట్టిన రాజ్యాంగ నిపుణుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. తరువాతి కాలంలో మోటూరి సత్యనారాయణ, సి. నారాయణరెడ్డి ఇదే దారిలో వచ్చారు. ఎన్నికైనవారిలో పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళారు. ఆయన సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళేవారని తెలుగునాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయిన బి.ఆర్. అంబేద్కర్ బొంబాయి నుంచి ఈ సభకు వచ్చారు. 1953 సెప్టెంబరు 2న ఆయన ఇక్కడ మాట్లాడిన సందర్భం మనకు సంబంధించినది. సభ ముందున్నది ఆంధ్ర రాష్ట్ర బిల్లు. కొత్త రాష్ట్రంలో దళితులకూ, అల్పసంఖ్యాకులకూ రక్షణ ఏదని ఆయన అడిగారు. గవర్నరుకు ఆ బాధ్యత అప్పగించి ఉండవలసిందన్నారు. ఈ రాజ్యాంగం రాసింది మీరే కదా అని ఎవరో ఎత్తిపొడిస్తే, తనకు చెప్పిన పని తాను చేశానని, అవసరమైతే దాన్ని తగలబెట్టే మొదటి మనిషిని తానే అవుతానని కోపంగా బదులిచ్చారు. ఈ మాటను సందర్భం నుంచి తెంచి ఉటంకించడం మీరు చాలాచోట్ల చూసి ఉంటారు. అది పుట్టింది ఆంధ్ర రాష్ట్ర బిల్లు చర్చలో, ఎక్కువ సంఖ్యలో ఉన్నవారి చేతిలో తక్కువ సంఖ్యలో ఉన్నవారి గతి ఏమిటన్న ప్రశ్న మీద. రెండో సభలో ఉండవలసిన ప్రశ్న సరిగ్గా అదే.

రెండు సభల కీచులాట

మర్యాదల గురించి పుస్తకాల్లో రాసినంత సులువుగా మర్యాదలు స్థిరపడలేదు. 1953 ఏప్రిల్ చివర ఆదాయపు పన్ను సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చింది. అది ద్రవ్య బిల్లని లోక్‌సభ స్పీకర్ ధ్రువీకరించారు. దాని మీద ప్రశ్నలు వస్తే న్యాయశాఖ మంత్రి సి.సి. బిశ్వాస్ ఇచ్చిన సమాధానం స్పీకర్ ధ్రువీకరణనే శంకిస్తున్నట్టు లోక్‌సభ సభ్యులకు తోచింది. మంత్రి వచ్చి సంజాయిషీ ఇవ్వాలని అక్కడివారు పట్టుబట్టారు. బిశ్వాస్ మంత్రి మాత్రమే కాదు, రాజ్యసభలో సభా నాయకుడు కూడా. మా నాయకుణ్ణి పిలిపించడానికి మీరెవరని ఇక్కడివారికి పౌరుషం వచ్చింది. ఈ వ్యవహారం మీద ఆయన ఏ హోదాలోనూ లోక్‌సభ ముందు హాజరు కాకూడదని మే 1న రాజ్యసభ తీర్మానం చేసింది.

పుట్టి ఏడాది నిండని సభ అది. ఇద్దరూ పంతానికి పోతే మంత్రి ఏ ఆదేశం పాటించాలి? చివరికి ప్రధాని నెహ్రూ కలగజేసుకున్నారు. పార్లమెంటు అంటే రెండు సభలూ కలిసినదేననీ, ద్రవ్య విషయాలు తప్పితే ఏ సభా తనంతట తాను పార్లమెంటు కాదనీ, రెండింటి మధ్య సహకారం లేకపోతే రాజ్యాంగం నడవదనీ ఆయన రాజ్యసభలో వివరించారు. అదే ఏడాది మరో చిక్కు వచ్చింది. ప్రభుత్వ లెక్కలను పరిశీలించే ప్రజా పద్దుల సంఘంలో రాజ్యసభ సభ్యులకూ చోటివ్వాలని నెహ్రూ ప్రతిపాదిస్తే, డబ్బు విషయం మాది అంటూ లోక్‌సభలో అభ్యంతరాలు వచ్చాయి. ఎట్టకేలకు 15 మంది లోక్‌సభ సభ్యులతో పాటు 7గురు రాజ్యసభ సభ్యులు చేరేలా ఒప్పందం కుదిరింది. 1954 నుంచి నేటిదాకా ఆ నిష్పత్తే నడుస్తోంది.

1954లో మరో గొడవ హైదరాబాదులో మొదలైంది. లోక్‌సభ సభ్యుడు, హిందూ మహాసభ నాయకుడు ఎన్.సి. చటర్జీ అక్కడ జరిగిన ఒక సభలో ప్రసంగిస్తూ, పెద్దల సభ అల్లరి పిల్లల గుంపులా ప్రవర్తిస్తోందన్న అర్థంలో మాట్లాడినట్టు పత్రికల్లో వచ్చింది. కోపానికి కారణం రాజ్యసభ ఆమోదించిన ప్రత్యేక వివాహాల బిల్లు. ఇది మా సభకు అవమానమని రాజ్యసభలో ఫిర్యాదు లేచింది. కానీ చటర్జీ ఈ సభ సభ్యుడు కాడు. ఒక సభ సభ్యుడు ఇంకో సభను కించపరిస్తే ఎవరు విచారించాలి? రెండు సభల హక్కుల సంఘాలు కలిసి కూర్చుని ఒక పద్ధతి నిర్ణయించాయి: నొచ్చుకున్న సభ ఆ విషయాన్ని సభ్యుడు చెందిన సభకు పంపాలి, ఆ సభే తనవారి మీద విచారణ జరపాలి. ఆ పద్ధతి నిలిచింది. మీ ఇంటి పిల్లవాడు అల్లరి చేస్తే మీ ఇంట్లో చెబుతాం గానీ మేం చెయ్యి చేసుకోం అన్న ఊరి మర్యాద లాంటిదే ఇది.

వెనక్కి లాగిందా, ముందుకు నెట్టిందా?

ఎగువ సభ అంటే బండికి బ్రేకు అని అంటారు. తొలి దశాబ్దపు చరిత్ర చూస్తే ఆ పోలిక పూర్తిగా నిలవదు. ప్రత్యేక వివాహాల బిల్లు మాత్రమే కాదు, హిందూ వివాహ బిల్లు, హిందూ వారసత్వ బిల్లు కూడా మొదట రాజ్యసభలోనే ప్రవేశపెట్టారు. ఏకపత్నీవ్రతం, విడాకులు, కూతురికి ఆస్తి వంటి, ఊళ్ళల్లో రచ్చబండ దగ్గర కేకలు పుట్టించే విషయాలు అవి. ప్రతి ఐదేళ్ళకూ ప్రజల ముందు చెయ్యి చాచవలసిన అవసరం లేని సభలో వాటిని మొదలుపెట్టడం ప్రభుత్వానికి సులువైంది. సంప్రదాయవాదులకు కంచుకోట అవుతుందనుకున్న సభే సంస్కరణకు తొలి మెట్టయింది.

వరకట్న నిషేధ బిల్లు కథ ఇంకా వివరంగా చెప్పుకోవాలి. 1959లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ఆ బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు రెండు చోట్ల పేచీ వచ్చింది. కట్నం నిర్వచనంలో 'ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ' ఇచ్చినది అన్న మాటలు చేర్చాలని రాజ్యసభ కోరింది. పెళ్ళి సమయంలో ఇచ్చే నగదు, నగలు, బట్టల వంటి కానుకలు పెళ్ళికి ప్రతిఫలంగా ఇచ్చినవైతే తప్ప కట్నం కిందికి రావు అన్న వివరణను తీసేయాలని కూడా కోరింది. మన పెళ్ళిళ్ళు చూసినవారికి ఈ రెండో అంశం ఎందుకు ముఖ్యమో చెప్పనక్కరలేదు. కట్నం మాట ఎత్తకుండా లాంఛనాలు, ఆడపడుచు కట్నం, కానుకలు అంటూ అదే సొమ్ము చేతులు మారుతుంది. వివరణ ఉంటే చట్టానికి కన్నం పెట్టినట్టే. లోక్‌సభ ఒప్పుకోలేదు.

దాంతో 1961 మే 6, 9 తేదీల్లో స్వతంత్ర భారత చరిత్రలో మొదటి సంయుక్త సమావేశం జరిగింది. సెంట్రల్ హాలులో అధ్యక్షత వహించినది లోక్‌సభ స్పీకర్, తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. రాజ్యసభ కోరిన మొదటి మార్పు చట్టంలోకి వచ్చింది, రెండోది రాలేదు. కానుకల వివరణ అలాగే ఉండిపోయింది. ఆ చట్టం ఎంతగా నిష్ప్రయోజనమైందో మీకు తెలుసు. చివరికి 1984లో ఆ వివరణను పార్లమెంటే తొలగించింది. రాజ్యసభ అడిగిన మార్పుకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ ఆలస్యం పెద్దల సభ వల్ల కాలేదన్నది గమనించండి.

మూడింట ఒక వంతు ఓటు

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణ చూద్దాం. సంస్థానాలు భారత యూనియన్‌లో విలీనమైనప్పుడు వాటి పాలకులకు ఏటా రాజభరణం ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. 291వ అధికరణం ఆ మాటకు రాజ్యాంగ రక్షణ కల్పించింది. హైదరాబాదు నిజాంకు మొదట్లో ఏడాదికి 50 లక్షల రూపాయలు నిర్ణయించారు. కరవుతో అల్లాడే దేశంలో మాజీ రాజులకు పన్నులేని భత్యాలు, బిరుదులు, ప్రత్యేక హక్కులు ఏమిటని 1960లలో ప్రశ్న బలపడింది. 1969లో కాంగ్రెస్ చీలాక ఇందిరాగాంధీ ప్రభుత్వం వాటి రద్దుకు రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చింది. 1970 సెప్టెంబరు 2న లోక్‌సభ దాన్ని ఆమోదించింది.

సెప్టెంబరు 5న రాజ్యసభలో ఓటింగు జరిగింది. అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75. కాగితం తీసి మీరే లెక్క వేయండి. ఓటు వేసినవారు 224 మంది. అందులో మూడింట రెండు వంతులు 149.33. సగానికి పైగా అన్న షరతు నెరవేరింది, మూడింట రెండు వంతులన్నది నెరవేరలేదు. తగ్గింది ఒక ఓటులో మూడో వంతు. మనిషి ఓటును ముక్కలు చేయలేం కనుక బిల్లు వీగిపోయింది. మొదటి ఛైర్మన్ పుట్టినరోజున, ఆయన కూర్చున్న సభలో ఇది జరగడం యాదృచ్ఛికమే.

ఆ తరువాతి నాలుగు నెలలు రాజ్యాంగ చరిత్ర విద్యార్థికి ఒక పాఠ్యపుస్తకం. మర్నాడే రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా సంస్థానాధీశుల గుర్తింపును రద్దు చేశారు. పార్లమెంటులో రెండు వంతులు రానిదాన్ని ఒక సంతకంతో సాధించబోయారన్నమాట. మాధవరావు సింధియా కేసులో సుప్రీంకోర్టు డిసెంబరు 15న ఆ ఉత్తర్వును కొట్టివేసింది. డిసెంబరు 27న లోక్‌సభ రద్దయింది. 1971 మార్చిలో ఇందిరాగాంధీ భారీ మెజారిటీతో తిరిగి వచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో 26వ సవరణ రెండు సభల్లోనూ నెగ్గి రాజభరణాలు పోయాయి.

రాజ్యసభ చేసింది తప్పా, ఒప్పా? రాజుల పక్షాన నిలిచిందని తప్పుపట్టవచ్చు. నా ఉద్దేశంలో రాజభరణాల రద్దు సబబైనదే. కానీ ఆ 'కాదు' వల్ల ప్రభుత్వం కోర్టుకూ, ప్రజల దగ్గరికీ వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళి, గెలిచి, సరైన దారిలో తిరిగి వచ్చింది. గోపాలస్వామి అయ్యంగార్ 1947లో చెప్పిన 'ఆపి చూడడం' ఇదే. పదిహేను నెలల ఆలస్యం. పరీక్షలో మీరు ఏ పక్షం వహించినా ఫరవాలేదు, ఈ రెండు విషయాలనూ కలిపి చూడండి: బిల్లులోని న్యాయం ఒకటి, దాన్ని చేసే పద్ధతిలోని న్యాయం మరొకటి.

ఇలాంటి సందర్భాలు మరికొన్ని ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన సవరణ బిల్లులో ప్రజాభిప్రాయ సేకరణకు సంబంధించినదాంతో సహా ఐదు క్లాజులను రాజ్యసభ తొలగించింది. మిగిలినది 44వ సవరణగా వచ్చింది. 1989 అక్టోబరు 13న పంచాయతీలు, నగరపాలికల మీద రాజీవ్‌గాంధీ ప్రభుత్వం తెచ్చిన 64, 65వ సవరణ బిల్లులు రాజ్యసభలో వీగిపోయాయి. రాష్ట్రాలను పక్కనబెట్టి కేంద్రం నేరుగా గ్రామాలతో వ్యవహరించబోతోందన్నది ప్రతిపక్షాల ఆరోపణ. మార్పులతో అవే 1992లో 73, 74వ సవరణలయ్యాయి. సాధారణ బిల్లుల విషయంలో సంయుక్త సమావేశాలు 1961 తర్వాత రెండే జరిగాయి: 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు మీద, 2002 మార్చి 26న ఉగ్రవాద నిరోధక బిల్లు మీద. మూడోదానికి స్పీకర్ లేరు. అమలాపురం నుంచి గెలిచి స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి ఆ నెల 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ అధ్యక్షత వహించారు.

రాష్ట్రాల సభలో రాష్ట్రం

రాజ్యసభ సభ్యుడు ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతాడో ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నియమం 2003 వరకు ఉండేది. ఆ ఏడాది దాన్ని తీసేశారు. దేశంలో ఎక్కడ ఓటరైనా చాలు. బహిరంగ ఓటింగు కూడా అప్పుడే వచ్చింది. కుల్దీప్ నయ్యర్ దీన్ని సవాలు చేస్తే 2006లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. రాష్ట్రాల ప్రతినిధి ఆ రాష్ట్రంవాడే కానక్కరలేదంటే 'రాష్ట్రాల సభ' అన్న పేరుకు అర్థమేమిటన్న ప్రశ్న మాత్రం తీరలేదు.

రాష్ట్రాల్లోని ఎగువ సభలకు ఈపాటి భద్రత కూడా లేదు. 169వ అధికరణం ప్రకారం శాసనసభ తీర్మానిస్తే పార్లమెంటు సాధారణ చట్టంతో విధాన పరిషత్తును పెట్టవచ్చు, తీసేయవచ్చు. 1958లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిని 1985లో రద్దు చేశారు, 2007లో మళ్ళీ పెట్టారు. 2020 జనవరిలో మళ్ళీ రద్దు కోరుతూ శాసనసభ తీర్మానించింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలిలో ఏ పార్టీకి బలముందన్నదాన్ని బట్టి దాని అవసరం గురించిన అభిప్రాయాలు మారడం మీరు పాత పత్రికలు తిరగేస్తే కనిపిస్తుంది. రాజ్యసభను అలా తీసేయడం కుదరదు.

ఇక 2014. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. తెలంగాణ కోసం దశాబ్దాలు పోరాడినవారికి అది ఎదురుచూసిన రోజు. అవతలి వైపు వారికి తమ గోడు వినడానికి మిగిలిన ఆఖరి సభ. రాజ్యసభలో సవరణలు ప్రతిపాదించారు. ఇక్కడ ఒక నియమం గుర్తుచేసుకోండి. రాజ్యసభ ఒక్క సవరణ ఆమోదించినా బిల్లు తిరిగి లోక్‌సభకు వెళ్ళాలి. అది పదిహేనో లోక్‌సభ చివరి సమావేశం, మర్నాడు ముగియబోతోంది. బిల్లులో మార్పులకు బదులు ప్రధాని మన్మోహన్‌సింగ్ సభలో ఒక ప్రకటన చేశారు; ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ళపాటు ప్రత్యేక హోదా అన్న హామీ అందులోనిది. బిల్లు మార్పు లేకుండా నెగ్గింది. హామీ సభా కార్యక్రమాల రికార్డులో ఉంది, చట్టంలో లేదు. తర్వాతి ప్రభుత్వం హోదా ఇవ్వలేదు, 2016లో ప్రత్యేక ప్యాకేజీ ప్రకటించింది.

మీరు తెలంగాణ విద్యార్థులైనా, ఆంధ్రప్రదేశ్ విద్యార్థులైనా, తరువాతి పాఠం మొదలుపెట్టే ముందు ఆ రోజు చర్చ ప్రతిని రాజ్యసభ వెబ్‌సైటులో వెతికి చదవండి. ఏయే సవరణలు ప్రతిపాదించారు, వాటిలో ఓటింగుకు వెళ్ళినవి ఏవి, ప్రధాని ప్రకటన ఏ క్షణంలో వచ్చింది అన్న మూడు విషయాలు మీ నోట్సులో రాసుకోండి. సంప్రదింపు తరగతిలో వాటి మీదే చర్చిద్దాం.